ఏ స్పెల్లింగుతో వెతకమంటారు?

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, తెలుగు శాఖల అధ్యక్షులకు, యూనివర్సిటీ లైబ్రేరియన్లకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా, నమస్కారం.

నేను చీరాల వైపు ఒక డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. ఇరవై రెండేళ్లుగా పుస్తకాలకి నంబర్లు అంటిస్తున్నాను. తెలుగు సాహిత్యం నంబరెంత అని నిద్రలో లేపి అడిగినా 894.827 అని చెప్పేస్తాను. ఈ ఉత్తరం ఖాళీ పోస్టుల గురించి కాదు, జీతాల గురించి అసలే కాదు. మీ దగ్గర పీహెచ్‌డీ కోసం ఇచ్చే తెలుగు థీసిస్‌ల పేరు, సారాంశం, విషయాన్ని పట్టిచ్చే పది మాటలు తెలుగు లిపిలో, వెతికితే దొరికేలా నమోదు చేయించండి. అడిగేది ఇంతే. ఇంత చిన్న కోరికకి ఇంత పొడుగు ఉత్తరమా అని విసుక్కోకండి. చిన్నది కాబట్టే ఇన్నాళ్లూ ఎవరికీ పట్టలేదు.

మా కాలేజీలో డిగ్రీ చదివి, తర్వాత ఎం.ఏ. తెలుగు చేసి, పీహెచ్‌డీలో చేరిన అమ్మాయి ఒకతి ఉంది. నేతపనివాళ్ల ఇంటి పిల్ల. నాన్న మగ్గం గుంటలో కూచుంటే అమ్మ కండెలు చుట్టే ఇల్లు. నానమ్మ ఆసు పోస్తూ పాడే పాటలు వింటూ పెరిగింది కాబట్టి ఆ పాటల మీదే పరిశోధన పెట్టుకుంది. చేరిన కొత్తలో మా లైబ్రరీకి వచ్చి, "మేడమ్, నా టాపిక్ మీద ఇంతవరకూ ఎవరూ చేయలేదు. మా సార్ కూడా అదే అన్నారు" అంది, మొహం వెలిగిపోతూ.

ఆ మాట ఎవరన్నా నాకు కొంచెం భయం. సరే, ఒకసారి చూద్దామని ఇద్దరం కంప్యూటరు ముందు కూచున్నాం. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగ ఉంది కదా, దేశంలోని థీసిస్‌లన్నీ పోగయ్యే చోటు. 2009లో యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ నిబంధన పెట్టినప్పటి నుంచి యూనివర్సిటీలు తమ థీసిస్‌ల ఎలక్ట్రానిక్ ప్రతిని అక్కడికి పంపాలి. ఇప్పుడక్కడ ఐదు లక్షలకు పైగా ఉన్నాయి. తెలుగు లిపిలో 'చేనేత పాటలు' అని కొట్టాం. 'నేత పాటలు' అని కొట్టాం. ఇంగ్లీషులో చేనేతకీ జానపదానికీ ఏమంటారో ఆ మాటలన్నీ కొట్టాం. ఆర్థిక శాస్త్రం వాళ్లు చేసినవి, కామర్స్ వాళ్లు చేసినవి, సహకార సంఘాల మీద చేసినవి వచ్చాయి. పాటల మీద ఏమీ రాలేదు. "చెప్పాను కదా మేడమ్" అని నవ్వుతూ వెళ్లిపోయింది.

తొమ్మిది నెలల తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి మొహంలో ఆ వెలుగు లేదు. ఎక్కడో ఒక సెమినార్ వ్యాసాల సంకలనంలో, అడుగున చిన్నక్షరాల్లో, వేరే యూనివర్సిటీలో చేసిన పాత థీసిస్ ప్రస్తావన కనిపించిందట. విషయం నేతపనివాళ్ల పాటలే. పాత టైపు ప్రతిని స్కాన్ చేసి ఎక్కించారు. ఎక్కడికి? మేం వెతికిన శోధ్‌గంగకే! మేం కూచుని వెతికిన రోజు కూడా అది అక్కడే ఉంది.

దొరకలేదెందుకంటే, దాని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివితే 'చెనెట పటలు' అని వస్తుంది. సారాంశం గడి ఖాళీ. విషయ పదాల గడిలో 'తెలుగు' అన్న మాట ఒక్కటే. తెలుగు శాఖ నుంచి వచ్చిన థీసిస్‌కి విషయం తెలుగు అని రాయడం, బియ్యం బస్తా మీద 'తిండి' అని రాసిపెట్టినట్టే.

ఇందులో తప్పు శోధ్‌గంగదని నేననను. మనం ఏది రాసి పంపితే అదే అక్కడ నిలుస్తుంది. అచ్చుతప్పు పుట్టింది మన ఊళ్లోనే.

ఇంకో మాట కూడా చెప్పాలి. ముందే ఎవరో చేశారని తెలిసి ఆ పిల్ల ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. రాత్రంతా కూచుని ఆ థీసిస్ చదివింది. అందులో వాళ్ల నానమ్మ పాడే పాటే ఒకటి వేరే ఊళ్లో సేకరించింది ఉంది. నానమ్మ పాడేది రెండు చరణాలు. ఇందులో నాలుగున్నాయి. మూడో చరణం మొదటి మాట చదివి వినిపించేసరికి మిగిలింది ఆవిడ తనంతట తనే అందుకుందట. నలభై ఏళ్ల కింద మరిచిపోయిన చరణం. "ఇది మొదట్లోనే దొరికుంటే నా టాపిక్కే వేరేగా ఉండేది మేడమ్. ఏ ఊళ్లో ఏ చరణం ఉంది, ఎక్కడ మారింది అని చూసేదాన్ని" అంది. పరిశోధన అంటే అదే కదండీ. ముందువాళ్లు పోసిన పడుగు మీద మన పేక నేయడం. ముందు పడుగు ఎక్కడుందో తెలియాలి.

ఆ రోజు ఇంటికెళ్లి ఒక కాగితం మీద లెక్క వేశాను. 'చేనేత పాటలు' అన్న రెండు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాయొచ్చు? 'చే'లో ఈ ఒకటి పెట్టొచ్చు, రెండు పెట్టొచ్చు. 'నే' కూడా అంతే. 'త'కి టీ ఒక్కటే రాసేవాళ్లున్నారు, టీ పక్కన హెచ్ పెట్టేవాళ్లున్నారు. 'పా'లో ఏ ఒకటా రెండా అన్నది ఎవరిష్టం వాళ్లది. రెండు మాటల మధ్య ఖాళీ వదిలేవాళ్లు కొందరు, కలిపి కొట్టేవాళ్లు కొందరు. ఐదు చోట్ల రెండేసి దారులు. మొత్తం 32. ఇది అచ్చుతప్పులు లేకుండానే. 'గ్రంథాలయోద్యమం' లాంటి మాట తీసుకుంటే లెక్క వేయడానికి కూడా నాకు ఓపిక లేదు.

మనవాళ్లకి 'త' అంటే టీహెచ్ రాయడం అలవాటు, ఎందుకంటే ఒట్టి టీని 'ట'కి వాడేశాం. ఉత్తరాది పద్ధతిలో నేర్చుకున్నవాళ్లు 'త'కి టీ, 'థ'కి టీహెచ్ రాస్తారు. అప్పుడు 'కథ' ఒక చోట కత అవుతుంది, ఇంకో చోట కధ అవుతుంది. ఇంట్లో పిల్లలకి పేర్లు పెట్టేటప్పుడు ఈ తంటా సరదాగానే ఉంటుంది. నాలుగేళ్ల పరిశోధన మీద ఆ పేరు రాసేటప్పుడు సరదా కాదు.

పోనీ తెలుగు లిపిలో ఉన్నవైనా దొరుకుతున్నాయా అంటే అదీ సగమే. తెరిస్తే పేజీ నిండా చక్కటి తెలుగు కనిపిస్తుంది. ఒక వాక్యం కాపీ చేసి ఇంకో చోట అతికించి చూడండి. డాలర్లు, బ్రాకెట్లు, తలకిందుల ప్రశ్నార్థకాలు వస్తాయి. డీటీపీ సెంటర్లో పాత ఫాంట్లతో కొట్టించిన ఫలితం అది. కంటికి 'అ' కనిపిస్తుంది గాని, కంప్యూటరు లోపల దాచుకున్నది ఏదో ఇంగ్లీషు అక్షరాన్నో గుర్తునో. ఫాంటు దాని మీద తెలుగు ముసుగు వేస్తుందంతే. మనిషి చదవగలడు, యంత్రం వెతకలేదు. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు ఇచ్చారు. ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ కంప్యూటరులో దాని నంబరు దానికిచ్చే పద్ధతి అది. వాట్సాప్‌లో మా అత్తగారు యూనికోడ్ తెలుగులో గుడ్ మార్నింగ్ పంపుతున్నారు. డాక్టరేట్ థీసిస్‌లు మాత్రం ఇంకా పాత ఫాంటుల్లోనే బైండింగుకి వెళ్తున్నాయి. ప్రింటు తీసి, బైండు చేసి, దాన్ని మళ్లీ స్కాన్ చేసి బొమ్మలుగా పంపేవాళ్లు కూడా ఉన్నారు. కంప్యూటరులో పుట్టిన అక్షరాన్ని కాగితం మీద చంపి, దాని ఫొటో పంపడమన్నమాట.

యూనికోడ్ అయినంత మాత్రాన అన్నీ తీరిపోవు, ఒప్పుకుంటాను. 'గ్రంథం' అని వెతికితే 'గ్రంధం' అని రాసినవి రావు. మనలో సగం మంది ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియకుండానే డిగ్రీలు పుచ్చుకున్నాం. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో ట తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. అది వేయకపోతే వ కింద ఒత్తై కూచుంటుంది. చదివేవాళ్లకి అదే మాట, యంత్రానికి వేరే మాట. 'గోదావరి' అని వెతికితే 'గోదావరిలో', 'గోదావరీతీరం' దొరుకుతాయో లేదో ఆ యంత్రం తెలివిని బట్టి ఉంటుంది. కానీ ఇవన్నీ అక్షరం ఉన్నాక వచ్చే సమస్యలు. ముందు అక్షరమంటూ ఉండాలి కదా.

పేర్ల సంగతి ఇంకో గోల. మనం ఇంటిపేరు ముందు రాసుకుంటాం. నమోదు ఫారం ఇంటిపేరు వేరే గడిలో అడుగుతుంది. కొట్టేవాళ్లు ఒకసారి ఇలా, ఒకసారి అలా కొడతారు. ఇంటిపేరు పొడి అక్షరంగా మారి చివర్లో తేలుతుంది. ఒకే మనిషి ఎం.ఫిల్. చేసినప్పుడు ఒకరుగా, పీహెచ్‌డీ చేసినప్పుడు ఇంకొకరుగా కనిపిస్తారు. పరిశోధకులకి ఆర్కిడ్ అని 16 అంకెల గుర్తింపు సంఖ్య 2012 నుంచీ ఉచితంగా ఇస్తున్నారు. చేరిన రోజే తీసుకోమని చెబితే సరిపోతుంది. అయిదు నిమిషాల పని.

మరి మేం ఎలా వెతుకుతున్నామంటారా? దొంగదారుల్లో. శోధ్‌గంగలో మాటతో వెతకడం మానేసి, యూనివర్సిటీ పేరు పట్టుకుని, తెలుగు శాఖలోకి దూరి, ఒక్కో పేరూ వరసగా చదువుతాం. జానపదం మీద ఎవరు గైడుగా ఉన్నారో కనుక్కుని, ఆయన దగ్గర చేసినవన్నీ లాగుతాం. దొరికాక 01_టైటిల్, 02_సర్టిఫికెట్ అని ముక్కలు ముక్కలుగా ఉన్న ఫైళ్లలో చివరి ముక్క తెరుస్తాం. ఆధార గ్రంథాల పట్టిక అక్కడుంటుంది. ఆ పట్టికే మాకు అసలైన క్యాటలాగు. అందులోని పేర్లు పట్టుకుని ఇంకో చోటికి.

పాత పుస్తకాల కోసమైతే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరిన ప్రతులు చూస్తాం. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటరు శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారు, బెంగుళూరు ఐఐఎస్‌సీలో బాలకృష్ణన్ గారు పది లక్షల పుస్తకాలు స్కాన్ చేయాలని తలపెట్టిన పని అది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కూడా స్కానింగ్ జరిగింది. ఆ పని లేకపోతే మా పిల్లలకి సగం పుస్తకాలు కంటికి కూడా కనిపించేవి కావు. చేతులెత్తి దండం పెట్టాలి. కాకపోతే పేర్లు కొట్టినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో పద్ధతి పాటించారు. సున్నాకి ఎన్ పక్కన కామాలాంటి గుర్తు పెట్టినవి కొన్ని, దీర్ఘానికి రెండేసి ఏలు పెట్టినవి కొన్ని, సగంలో తెగిపోయినవి కొన్ని. నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. ఏ మాటని ఎన్ని రకాలుగా కొడితే దొరికిందో రాసుకుంటాను. ఇప్పటికి రెండో నోటుపుస్తకం నడుస్తోంది.

ఊళ్ల పేర్లతో వెతకాలంటే తెల్లదొరల స్పెల్లింగు తెలియాలి. కడప స్పెల్లింగు 2005లో మార్చారు, అంతకుముందు కాగితాల్లో అది సీతో మొదలవుతుంది. బెజవాడ, మసులిపటం, విజగపటం అని కొడితే గాని పాత గెజిటీర్లు మాట్లాడవు. 1961 జనాభా లెక్కల సమయంలో ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని గ్రామాల మీదా, చేతివృత్తుల మీదా విడివిడిగా సర్వే పుస్తకాలు వేశారు. సెన్సస్ వాళ్ల సైట్లో ఉచితంగా దొరుకుతాయి. మన పల్లెల గురించి బంగారం లాంటి వివరాలు. వాటిని మా అమ్మాయి పాత స్పెల్లింగులతోనే పట్టుకుంది. ఇంగ్లీషువాడి స్పెల్లింగు ఎంత వికారంగా ఉన్నా ఒక సుగుణం ఉంది. చాలావరకు ఊరికి ఒకటే ఉంటుంది.

ఇక్కడ నాకు సిగ్గేసే సంగతి ఒకటి చెప్పాలి. 1960ల్లో అమెరికా మనకి గోధుమలు పంపింది. డబ్బు డాలర్లలో కాక రూపాయల్లో తీసుకుంది. ఆ రూపాయల్లో కొన్నిటితో 1962 నుంచి అమెరికా వాళ్ల లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి ఢిల్లీలో ఉన్న ఆఫీసు మన భాషల పుస్తకాలు కొని అమెరికా యూనివర్సిటీలకి పంపింది. ఆ గోధుమలు పంపిన అమెరికా చట్టం పీఎల్ 480 అంటే మా పెద్దవాళ్లకి ఎర్ర గోధుమలే గుర్తు. పుస్తకాలు కూడా వెళ్లాయి. షికాగోలోనో ఇంకో చోటో ఉన్న ఆ తెలుగు పుస్తకాల క్యాటలాగులో వాళ్లు ఒకటే పద్ధతి పెట్టుకున్నారు. దీర్ఘానికి అక్షరం మీద గీత, 'ట'కి అక్షరం కింద చుక్క. ఆ పద్ధతి ఒక పూట నేర్చుకుంటే ఏ తెలుగు పుస్తకమైనా వెతకొచ్చు. తెనాలిలో అచ్చైన పుస్తకం జాడ తెనాలి పక్కన దొరక్క, షికాగో క్యాటలాగులో చూసుకుని, మళ్లీ వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లి అలమారలోంచి తీయించుకున్న రోజులున్నాయి. 1918లో మొదలైన లైబ్రరీ అది, మాకు పది నిమిషాల దారి. ఆసులో కండెలా ప్రపంచమంతా తిరిగి ఇంటిముందుకే వచ్చామన్నమాట.

2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' వచ్చింది. మూడేళ్లకి 6,000 కోట్లు. ముప్పై ప్రచురణ సంస్థల పత్రికలు, దాదాపు 13,000, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలన్నిటికీ. మంచి పథకమే, నేను కాదనను. ఒకప్పుడు నగరాల్లోని పెద్ద సంస్థల్లో తప్ప కనిపించని పత్రికలు మా కాలేజీ కంప్యూటర్లో తెరుచుకోవడం చూసి మురిసిపోయాను. మాంచెస్టర్ మిల్లు కూలీల పాటల మీద వ్యాసాలు రెండు నిమిషాల్లో దొరికాయి. చీరాల నేతగాళ్ల పాటలకి తొమ్మిది నెలలు పట్టింది. దీనికి కోట్లు అక్కర్లేదండీ. ఒక నియమం చాలు.

కాపీ సంగతి కూడా ఒకసారి ఆలోచించండి. 2018లో యూజీసీ కాపీ కొట్టడం మీద నిబంధనలు తెచ్చింది. పోలిక పది శాతం దాకా ఫరవాలేదు, నలభై దాటితే ఏడాది ఆగాలి, అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. దానికోసం సాఫ్ట్‌వేర్లో వేసి సర్టిఫికెట్ తీసుకుంటున్నారు. పాత ఫాంటులో ఉన్న తెలుగుని ఆ సాఫ్ట్‌వేర్ ఎలా చదువుతుంది? బొమ్మగా ఉన్న పేజీలో దానికి ఏం కనిపిస్తుంది? సున్నా శాతం అని వస్తుంది. సున్నా అంటే నిజాయితీ అని మనం ఫైల్లో పెడుతున్నాం. యంత్రం చెప్పింది మాత్రం "నాకు ఏమీ కనిపించలేదు" అని. ఒకరి అధ్యాయం ఇంకొకరి థీసిస్‌లో తేలితే ఎవరికీ తెలియదు. నిజంగా కష్టపడి రాసిన పిల్లకీ అదే సున్నా, దించేసినవాడికీ అదే సున్నా.

"అందరికీ దొరికేలా పెడితే కాపీ కొట్టేస్తారు" అని ఒక పెద్దాయన నాతో అన్నారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది, పేరు చెప్పను. కానీ కాపీ కొట్టేవాడు లైబ్రరీలో మూల అలమారలో ఉన్న బైండు ప్రతిని కూడా కొడతాడు. అది పట్టుబడదు కాబట్టి ఇంకా ధైర్యంగా కొడతాడు.

ఈ మధ్య ఇంకో కొత్త టెన్షన్ మొదలైంది. పిల్లలు ఏఐని అడుగుతున్నారు. ఒక కుర్రాడు మొన్న ఆరు తెలుగు వ్యాసాల జాబితా తెచ్చాడు, రచయిత పేరు, పత్రిక, నెల, పేజీ నంబరుతో సహా. తెల్లగా, శుభ్రంగా ఉంది. రెండు రోజులు వెతికాను. మూడు వ్యాసాలు అసలు పుట్టనే లేదు. ఆ పత్రిక ఆ నెలకి ఆగిపోయి అప్పటికే చాలా ఏళ్లు. కుర్రాణ్ణి తిట్టబుద్ధి కాలేదు. ఉన్న వ్యాసం వెతికితే దొరకదు, లేని వ్యాసం అడగ్గానే దొరుకుతుంది. వాడి వయసులో నేనైనా అదే చేసేదాన్నేమో.

'తెలుగులో ఇదంతా ఎవరు చేస్తారు' అనకండి. చేసినవాళ్లున్నారు. కాళీపట్నం రామారావు మాస్టారు బడిపంతులు. పురస్కారంగా వచ్చిన డబ్బు పెట్టి 1997లో శ్రీకాకుళంలో కథానిలయం మొదలుపెట్టారు. తెలుగు కథ ఎక్కడ అచ్చైనా దాని ప్రతి ఒకచోట ఉండాలని పట్టుబట్టారు. ఇవాళ ఆ కథల జాబితా నెట్‌లో ఉంది. కథ పేరుతో, రచయిత పేరుతో, పత్రిక పేరుతో వెతకొచ్చు, తెలుగు అక్షరాల్లో. తెలుగు వికీసోర్స్‌లో ఇళ్లల్లో కూచుని పాత పుస్తకాలు పేజీ పేజీ సరిచూస్తున్నవాళ్లున్నారు. స్కాన్ చేసిన పేజీని యంత్రం అక్షరాలుగా మారుస్తుంది, 'ధ'ని 'థ' అంటుంది, 'ప'ని 'వ' అంటుంది, వీళ్లు దిద్దుతారు. జీతం లేదు, పదోన్నతి లేదు. రిటైరైన వాళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల నుంచి రాత్రి ఇంటికొచ్చినవాళ్లు. వాళ్లు చేయగలిగింది శాఖలున్న మీరు చేయలేరా?

చేయాల్సింది నాకు తోచినంతలో చెబుతాను, మీరు నాకన్నా పెద్దవాళ్లు. కొత్తవాటికి ఒకటే మాట. యూనికోడ్‌లో లేని తెలుగు థీసిస్ తీసుకోం అని రేపటి సర్క్యులర్లో రాయండి. ఫాంటు మార్చే కన్వర్టర్లు దొరుకుతున్నాయి, డీటీపీ వాళ్లు రెండు నెలల్లో అలవాటు పడతారు. పేరు తెలుగు లిపిలో, దాని కిందే ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే పద్ధతిలో. ఆ పద్ధతి ఏదైనా సరే, రెండు రాష్ట్రాలకీ ఒకటైతే చాలు. శోధ్‌గంగలో హిందీ థీసిస్‌ల పేర్లు దేవనాగరిలో కనిపిస్తూనే ఉన్నాయి, తెలుగు లిపికి అక్కడ అడ్డేమీ లేదు. సారాంశం ఒక పేజీ, విషయ పదాలు పది, అందులో ఊరి పేరు, కాలం, కులవృత్తి, ప్రక్రియ ఉండాలి. ఈ పదీ పరిశోధకులే రాయాలి, నమోదు చేసే ఆపరేటర్ మీద వదలొద్దు. నెలకింత అని కాంట్రాక్టు మీద వచ్చిన ఆ అబ్బాయికి రోజుకి ఇన్ని ఎక్కించాలని లెక్క ఉంటుంది. 'తెలుగు' అని ఒక్క మాట కొట్టి ముందుకెళ్లాడంటే తప్పు అతనిది కాదు.

పాతవాటి సంగతి కొంచెం ఓపికతో చేయాలి. ఎం.ఏ. తెలుగు పిల్లలకి ఏటా ఏదో ఒక ప్రాజెక్టు ఇస్తారు కదా. ఒక్కొక్కరికి మీ శాఖ పాత థీసిస్‌లు పదేసి పంచండి. చదివి, పేరు సరిగ్గా తెలుగులో రాసి, సారాంశం రాసి, విషయ పదాలు రాయమనండి. మార్కులివ్వండి. రెండేళ్లలో శాఖ మొత్తం పూర్తవుతుంది, పిల్లలకి పది థీసిస్‌లు చదివిన అనుభవం దక్కుతుంది. ఇప్పుడు వాళ్లు రాస్తున్న ప్రాజెక్టులు ఏ బీరువాలోకి వెళ్తున్నాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

చట్టం పేరు చెప్పి బెదిరించే ఉద్దేశం లేదు గాని, 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ఒకసారి తిరగేయండి. ప్రభుత్వ సంస్థలు తమ రికార్డులకి జాబితా, సూచిక కట్టి ఉంచాలంటుంది. సమాచారం ఇచ్చేటప్పుడు స్థానిక భాషని లెక్కలోకి తీసుకోవాలంటుంది. జనం డబ్బుతో, ఫెలోషిప్పులతో తయారైన థీసిస్‌లు జనానికి వెతికితే దొరకాలని అడగడానికి మాకు చట్టం కూడా అక్కర్లేదనుకోండి. మా అమ్మాయి వాళ్ల నాన్నకి కూడా ఆ థీసిస్ చూడాలని ఉంది. ఆయనకి ఇంగ్లీషు రాదు. ఫోన్లో తెలుగు బాగానే చదువుతాడు.

లైబ్రేరియన్ మిత్రులకి విడిగా ఒక మాట. లైబ్రరీ శాస్త్రానికి రంగనాథన్ గారు రాసిన ఐదు సూత్రాలు మనం పరీక్షకి బట్టీపట్టినవే. నాలుగోది పాఠకుల సమయం ఆదా చేయమంటుంది. తొమ్మిది నెలలు ఎంత సమయమో మీకు నేను చెప్పక్కర్లేదు. థీసిస్ మీ బల్ల మీదికి వచ్చినప్పుడు ఒక్క పని చేయండి. ఫైలు తెరిచి, మధ్యలో ఏదో ఒక పేజీలో ఒక తెలుగు మాట వెతికి చూడండి. దొరికితే ఉంచండి. దొరక్కపోతే మర్యాదగా వెనక్కి పంపండి. గైడు గారికి కోపం వస్తుంది, నాకు తెలుసు. వారం రోజుల్లో తగ్గుతుంది.

నా రెండు నోటుపుస్తకాలూ ఫొటోలు తీసి పెట్టాను. ఏ మాట ఏ వేషంలో ఏ సైటులో దాక్కుందో అందులో ఉంది. మీలో ఎవరికి కావాలన్నా ఉచితంగా పంపుతాను.

ఒక చిన్న సందేహం మిగిలింది, దయచేసి తీర్చండి. మా అమ్మాయి వచ్చే నెల థీసిస్ ఇస్తోంది. మొత్తం యూనికోడ్‌లో తనే కొట్టుకుంది, నానమ్మ నాలుగు చరణాలతో సహా. నిన్న సమర్పణ ఫారం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. థీసిస్ పేరు రాసే గడి పక్కన 'ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో మాత్రమే' అని అచ్చు వేసి ఉంది. తెలుగులో రాయడానికి ఇంకో గడి లేదు. గడువు తేదీ 20. పెన్ను పట్టుకుని కూచున్నాం. 32 రకాల్లో ఏది రాయమంటారు?

ఇట్లు,
చీరాల వైపు ఒక కాలేజీ లైబ్రేరియన్